వెండి భరిణ, ఏడో ప్రశ్న

బెంటన్‌విల్, అర్కన్సా
14 మార్చి 2010

శ్రీమతి జయంతి గారి దివ్యసముఖానికి,

ఈ రోజుల్లో కాయితం మీద ఉత్తరమేమిటని మూతి విరవకు. నువ్వూ మీ ఆయన జగదీషూ ఇద్దరూ కలిసి ఒకే ఈమెయిల్ వాడుతున్నంతకాలం నీకు నేను రాసేది స్టాంపు అంటించే రాస్తాను. కిందటిసారి మా అత్తగారి మీద నేను చెప్పుకున్న గోడుకి “హహ, నిజమే సిస్టర్” అని జగదీష్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. గుంటూరు హాస్టల్లో వార్డెన్ కూడా మన ఉత్తరాలు విప్పి చదివేది. కనీసం జవాబులు రాసేది కాదు.

సంగతేమిటంటే, మేం బిడ్డని పెంచుకుంటున్నాం. ఇండియా నుంచి. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, డాక్టర్లు చేయాల్సినవన్నీ చేసి చేతులు కడుక్కున్నారు. మా ఆయన అవినాష్‌కి సిటిజన్‌షిప్ రావడంతో ఫైల్ కదిలింది. మన దేశం పిల్లని ఇక్కడికి తెచ్చుకోవాలంటే ముందు మనం పరాయి దేశస్థులం కావాలన్నమాట. వేలిముద్రలు తీసుకున్నారు, బ్యాంకు కాయితాలు చూశారు, ఎప్పుడైనా జైలుకెళ్లావా అని అడిగారు. మామూలుగా పిల్లల్ని కనేవాళ్లని ఈ ప్రశ్నలు అడిగితే లోకంలో సగం మంది పుట్టి ఉండరు.

వీటితోపాటు ఏజెన్సీవాళ్లు మమ్మల్ని ఒక సంఘంలో చేర్చారు. పేరు ‘వెయిటింగ్ ఫ్యామిలీస్’. నెలలో మొదటి శనివారం చర్చి వెనకాల హాల్లో కలుస్తారు. అయిదు కుటుంబాలు, మాతో ఆరు. అందరూ బయటి దేశాల నుంచి రావాల్సిన పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. గుమ్మంలోనే చొక్కాకి బ్యాడ్జి అంటిస్తారు. దానిమీద పేరు, దేశం, ఎన్నాళ్లుగా కాచుకున్నారో ఆ రోజుల లెక్క. “బెవర్లీ, చైనా, 1,412 రోజులు.” “డెబ్బీ, ఇథియోపియా, 403 రోజులు.” నాది “నళిని, ఇండియా, 9 రోజులు.” కాలేజీలో మొదటిరోజు సీనియర్లు నన్ను చూసినట్టు చూశారు. బెవర్లీ నన్ను కావలించుకుని ఎంతకీ వదల్లేదు. ఆ కౌగిలి అయ్యేసరికి నా బ్యాడ్జి మీద పదో రోజు కూడా వేయొచ్చనిపించింది.

వీళ్లతో నాకేం స్నేహం కుదురుతుందే? అందరూ ఏడవడానికి టిష్యూ డబ్బాలు తెచ్చుకుంటారు. నేను పులిహోర తీసుకెళ్లాను.

ఇప్పుడు అసలు పని. దీంతో ఒక ఫారం పెడుతున్నాను. బంధువు కాకుండా, పదేళ్లకు పైగా మాలో ఒకరినైనా ఎరిగిన మనిషి మా గురించి పూరించి నేరుగా ఏజెన్సీకి పంపాలట. పది ప్రశ్నలు. నన్ను పదేళ్లు భరించినదానివి నువ్వొక్కదానివే. తొందరగా పంపు.

నీ నళిని

&nbsp;

బాతెల్, వాషింగ్టన్
4 ఏప్రిల్ 2010

మహారాజశ్రీ నళినీదేవి గారికి,

ఉత్తరం అందింది. శుభం. ఇక్కడ వాన. కిందటి ఉత్తరంలోనూ వానే కాబట్టి వాతావరణ సమాచారం సమాప్తం.

హాస్టల్లో నీ చెంబు పోతే రెండు రోజులు అన్నం మానేసినదానివి, ఇప్పుడు చర్చి హాల్లో టిష్యూ డబ్బాలని వెక్కిరిస్తున్నావా? చూస్తూ ఉండు, ఆర్నెల్లలో నువ్వే వాళ్లకి టిష్యూలు పంచుతావు.

మా సంగతి అడిగావు కాబట్టి (అడగలేదనుకో) చెబుతున్నాను, మేం హాయిగా ఉన్నాం. శనివారం జగదీష్ క్రికెట్‌కి వెళ్తాడు, ఆదివారం ఆ ఒళ్లునొప్పులకి నేను మందు రాస్తాను. పిల్లలొద్దనుకోవడం ఎంత మంచిదయిందో నువ్వే చూడు, కావాలంటే రేపే హవాయి ఎగిరిపోవచ్చు. ఎగరలేదనుకో. ఎగరొచ్చు అంటున్నాను.

ఫారం చూశాను. ఆరు ప్రశ్నలు పూర్తిచేశాను. ‘దరఖాస్తుదారులకు కోపం వస్తుందా?’ అన్నదానికి ‘ఆవిడకి వస్తుంది, ఆయన వినడు’ అని రాశాను. మిగిలినవి వచ్చేవారం.

జయంతి

&nbsp;

బెంటన్‌విల్
20 జూన్ 2010

జయంతమ్మ గారికి,

వచ్చేవారం అంటే మీ బాతెల్‌లో పదకొండు వారాలని ఇప్పుడే తెలిసింది. ఫారం ఏదే?

ఇక్కడ చాలా జరిగాయి. సంఘంవాళ్లు వంతులవారీగా ఇళ్లల్లో కలుస్తారు, మే నెల మా వంతు వచ్చింది. వస్తూనే ప్రతి ఇల్లాలూ బేకింగ్ పళ్లెంలో క్యాసరోల్ అని ఒక వంటకం చేసి పట్టుకొచ్చింది. అన్నిట్లోనూ జున్నే. వెళ్లేటప్పుడు నేను వరసగా కూర్చోబెట్టి బొట్టుపెట్టి, అరటిపండూ కొబ్బరికాయా జాకెట్ ముక్కా ఇచ్చాను. మన సూట్‌కేసులో మూలుగుతున్న జాకెట్ ముక్కలకి ఇన్నాళ్లకి మోక్షం వచ్చింది. డెబ్బీ “ఇది ఎందుకు?” అంది. “వచ్చినందుకు” అన్నాను. “నేను తెచ్చిన క్యాసరోల్‌కా?” “కాదు, వచ్చినందుకే.” ఆవిడ ఆ కొబ్బరికాయని ఒళ్లో పెట్టుకుని కారులో చాలాసేపు కూర్చుంది. వాళ్లాయన బండి తీయడం మరిచిపోయాడేమో అనుకున్నాను.

వెళ్లాక ఏడ్చిందట, బెవర్లీ చెప్పింది. సంతోషంతోనేనట. వీళ్లకి దేనికి ఏడవాలో దేనికి ఏడవకూడదో నేనే నేర్పాలి.

మన తెలుగువాళ్ల సంగతి అడక్కు. ఉమామహేశ్వరి గారని ఉన్నారు, ఇక్కడి తెలుగు పేరంటాలకి ఆవిడే అధ్యక్షురాలు. “ఎవరి పిల్లో ఎందుకమ్మా, మీ అన్నయ్యకి ముగ్గురున్నారు కదా, ఒకదాన్ని తెచ్చుకుంటే పోయె” అన్నారు. ముగ్గురు పిల్లలున్నారంటే ఒకటి ఎగస్ట్రా అన్నమాట, పండక్కి రెండు చీరలు కొంటే వచ్చే ఉచిత జాకెట్ లాగా.

ఇప్పుడు కూర్చుని చదువు. మాకు ఫైల్ చూపించారు. విజయవాడలో ఒక శిశుగృహంలో ఉంది, రెండేళ్లు నిండాయి. గ్రహణం మొర్రితో పుట్టింది, పెదవి కుట్టారు, అంగిలికి ఇంకో ఆపరేషన్ కావాలి. ఎందుకు వదిలేశారో ఫైల్‌లో రాయలేదు, రాయక్కర్లేదు కూడా. గ్రహణం పట్టినప్పుడు బయటికొచ్చింది తల్లి అయితే శిక్ష పిల్లకి వేశారు. ఫోటోలో ఒక చేత్తో బిస్కెట్ పట్టుకుని కెమెరా వైపు ఇంకోచెయ్యి అడ్డం పెట్టింది, బిస్కెట్ లాక్కుంటారని. శిశుగృహంవాళ్లు పెట్టిన పేరు కనకదుర్గ.

మేం పిల్లని పెంచడానికి తగినవాళ్లమేనా అని చూసే హోమ్ స్టడీ పూర్తయ్యేదాకా, అంటే సెప్టెంబర్ 30 వరకు, ఆ ఫైల్ మా కోసం ఆపుతారు. దాటితే తర్వాతి కుటుంబానికి చూపిస్తారు. సోషల్ వర్కర్ మార్సియా ఆగస్టులో ఇల్లు చూడడానికి వస్తుంది. పిల్ల మంచం సిద్ధంగా ఉండాలి, పొగ వస్తే మోగే గంట ఉండాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే నవ్వుకునేవాళ్లం కదా. ఇప్పుడు మా ఇంట్లో మంచం ఉంది, గంట ఉంది, పేరు కూడా ఉంది.

జయంతీ, ఆ పిల్ల నాక్కావాలే. ఇంకెవరి ఫైల్ చూపించినా వద్దు, అదే కావాలి.

ఇంకో మాట. డెబ్బీ వాళ్లకి ఇథియోపియా నుంచి రావాల్సిన పిల్లవాడి అమ్మమ్మ వచ్చి తనే పెంచుకుంటానందట, వాడిని తీసుకెళ్లిపోయింది. మంచిదే. మంచిదేనని అందరం అంటున్నాం. మొన్న వాళ్లింటికి వెళితే ఖాళీ గదిలో నేలమీద కూర్చుని ఉంది. మా అమ్మ పెళ్లికి ఇచ్చిన వెండి కుంకుమ భరిణల జతలో ఒకటి చేతిలో పెట్టి వచ్చేశాను.

ఫారం పంపు.

నళిని

&nbsp;

బాతెల్
11 జులై 2010

నళినీ,

ఫారం పంపేశాను. అందకపోతే పోస్టాఫీసుని తిట్టు, నన్ను కాదు.

కనకదుర్గ! నా తల్లే! నీ అర్కన్సా దొరసానులు ఆ పేరుని ఏంచేస్తారో తలుచుకుంటే ఇప్పుడే నవ్వొస్తోంది. మీ ఉమామహేశ్వరి గారు రెండక్షరాల పేరు పెట్టమంటారు, రాసిపెట్టుకో. వినకు. కొండ మీద ఉన్నావిడకే లేని అభ్యంతరం వీళ్లకేమిటి?

మార్సియా వస్తే ఇల్లు మరీ శుభ్రంగా ఉంచకు, అనుమానిస్తారు. అవినాష్‌ని ఎక్కువ మాట్లాడనివ్వకు. నీ అలవాటు ప్రకారం ఆవిడకీ ఒక పట్టుచీర పెట్టి పంపించు, పని ఇట్టే అయిపోతుంది.

డెబ్బీ గురించి చదివి బాధపడ్డాను. ఇంతకంటే రాయడం చేతకాదు.

జయంతి

&nbsp;

బెంటన్‌విల్
22 ఆగస్టు 2010

జయంతీ,

నువ్వు చెప్పినట్టు పట్టుచీర పెట్టలేదు. అంతకంటే ఘనకార్యమే చేశాను.

మార్సియా గురువారం పదింటికి వచ్చింది. మంచి మనిషి, తక్కువ మాటలు. గంట మోగించి చూసింది, మందుల అలమరకి తాళం ఉందో లేదో చూసింది. పిల్ల అల్లరి చేస్తే ఏంచేస్తారు అని అడిగితే అవినాష్ నలభై నిమిషాలు చెప్పాడు. అల్లరి చేసిన పిల్లకి ఆ నలభై నిమిషాలే శిక్ష అని ఆవిడకి అర్థమై ఉంటుంది. అంతా బాగానే ముగిసింది.

లేవబోతుంటే బొట్టు పెట్టాను. పెట్టించుకుంది. పళ్లెంలో పండూ జాకెట్ ముక్కా, వాటితోపాటు మిగిలిన రెండో భరిణా పెట్టి ఇచ్చాను. మొదటిసారి ఇంటికొచ్చిన ఆడమనిషి కదా! “వద్దు, నేను తీసుకోకూడదు” అంది. మన లెక్కలో ఒకసారి వద్దంటే మర్యాద, రెండుసార్లంటే మొహమాటం, మూడోసారి అంటేనే వద్దని. ఆవిడ రెండుసార్లే అంది. అవినాష్ గ్యారేజి చూపించడానికి తీసుకెళ్లినప్పుడు సోఫా మీదున్న ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో భరిణ పెట్టేశాను. మా పిన్నులందరూ చేసేదే, వెళ్లాక సంచిలో చూసుకుని “అయ్యో, పెట్టేసిందే” అనుకుంటారని.

ఆవిడా చూసుకుంది. ఆఫీసులో, సూపర్‌వైజర్ ఎదురుగా, తాళంచెవుల కోసం బ్యాగ్ బోర్లించినప్పుడు.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. “ఉద్యోగి నిరాకరించిన తర్వాత కూడా దరఖాస్తుదారు ఒక విలువైన వెండి వస్తువును ఆమెకు తెలియకుండా ఆమె సంచిలో ఉంచారు.” ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడు. నేను చేసింది దొంగతనానికి సరిగ్గా తిరగేసిన పని, అయినా పట్టుబడ్డాను. హోమ్ స్టడీ ఆపేశారు. సెప్టెంబర్ 15న వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. ఆ తర్వాత కనకదుర్గ ఫైల్‌కి మిగిలేది పదిహేను రోజులు.

అవినాష్ నన్ను తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి పిల్ల కోసం సర్దిన గది తలుపు మూసి ఉంచుతున్నాం.

ఇంకో వాక్యం కూడా ఉంది ఆ ఉత్తరంలో. “మూడు సిఫారసుల్లో రెండే అందాయి.” అందనిది నీదే. పోస్టాఫీసుకి ఫోన్ చేయలేదు, ఎందుకంటే దాని తప్పు లేదని నాకు తెలుసు. నువ్వు పంపలేదు. పన్నెండేళ్ల స్నేహంలో నిన్ను అడిగింది ఒక్క కాయితం జయంతీ. ఎందుకు పంపలేదో చెప్పు. ఈసారి జోకు వేయకు.

నళిని

&nbsp;

బాతెల్
26 ఆగస్టు 2010

నళినీ,

పంపలేదు. అబద్ధం చెప్పాను.

ఫారంలో ఏడో ప్రశ్న గుర్తుందా? “మీ సొంత బిడ్డను ఈ దంపతుల దగ్గర నమ్మకంగా వదులుతారా?” అక్కడ ఆగిపోయాను. ఆరు ప్రశ్నలు ఒక్క కూర్చోవడంలో రాసినదాన్ని, అక్కడ పెన్ను కదల్లేదు.

మేం పిల్లలొద్దనుకున్నామని నీకు ఎన్నోసార్లు చెప్పాను. అదీ అబద్ధమే. మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాను. మూడోది కిందటి ఫిబ్రవరిలో పోయింది. మూడు వారాలకి నీ ఉత్తరం వచ్చింది, నీ తొమ్మిది రోజుల బ్యాడ్జితో సహా. జగదీష్‌ని అడిగాను, మనమూ పెంచుకుందామా అని. “మనకెందుకా తలనొప్పి” అని బ్యాటు సంచి సర్దుకున్నాడు. నీ ఫారం డ్రాయర్‌లో పెట్టి, హవాయి గురించి నీకు జోకు రాశాను.

నీ మీద కుళ్లు పుట్టిందే. దానికి ఇంకో మర్యాదైన పేరు వెతికాను, దొరకలేదు. కనకదుర్గ ఫోటో గురించి నువ్వు రాసింది చదివాక ఇంకా పెరిగింది. నీకు రాకూడదని కోరుకోలేదు, ప్రమాణం చేస్తాను. నా చేత్తో తెప్పించడం మాత్రం చేతకాలేదు.

ఫారం పూర్తిచేసి ఇవాళ ఓవర్‌నైట్ పోస్టులో ఏజెన్సీకి పంపాను. రసీదు నకలు దీంతోనే ఉంది, నా మాట మీద నీకు నమ్మకం ఉండదు కాబట్టి. భరిణ సంగతి తెలిశాక విడిగా ఒక పేజీ కూడా జతచేశాను. అందులో ఏం రాశానో తెలుగులో చెబుతాను.

“నళిని నాకు పన్నెండేళ్లుగా తెలుసు. 1998లో మా హాస్టల్ వార్డెన్ ఆలస్యంగా వచ్చామని మమ్మల్ని గేటు బయట గంట నిలబెట్టింది. మర్నాడు ఆమెకి జ్వరమని తెలిసి నళిని రెండు బత్తాయిలు ఆమె గదిలో పెట్టి, చెప్పకుండా వచ్చేసింది. ఆ సాయంత్రం మళ్లీ తిట్లు తిన్నది. లంచం ఇవ్వడం ఈమెకు చేతకాదు. చేతనైతే ఈమె జీవితం ఇంతకంటే బాగుండేది. మా వైపు ఇంటికొచ్చిన స్త్రీని వట్టి చేతులతో పంపరు, వద్దన్నా సంచిలో పెడతారు. ఇది తప్పే. కానీ అడిగి చూడండి, ఈమె ఇంటినుంచి ఎవరైనా వట్టి చేతులతో వెళ్లారేమో.

ఏడో ప్రశ్నకు జవాబు: నాకు పిల్లలు లేరు. ఉంటే వదులుతాను. తిరిగి ఇవ్వదేమోనన్నది ఒక్కటే నా భయం.”

తిట్టాలనిపిస్తే తిట్టు. ఫోన్ మాత్రం చేయకు, ఏడుస్తాను.

జయంతి

&nbsp;

బెంటన్‌విల్
19 సెప్టెంబర్ 2010

ఒసే జయంతీ,

తిట్టడానికి మూడు కాయితాలు తీసి పెట్టుకున్నాను. రెండు చింపేశాను, మూడోది ఇదే. మూడుసార్లు అలా జరిగితే ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా నాకు? నాకు చేతకాదనుకున్నావా పక్కన కూర్చోవడం? సరే, ఈ తగాదా ముఖాముఖీ తేల్చుకుందాం.

15వ తేదీ విను. నేనూ అవినాషూ ఇస్త్రీ బట్టలు వేసుకుని ముద్దాయిల్లా వెళ్లాం. ఏజెన్సీ వరండాలో డెబ్బీ, బెవర్లీ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, అయిదుగురి చేతుల్లోనూ ప్లాస్టిక్ సంచులు. పిలవని పేరంటం. నేను వాళ్లకి జరిగింది చెప్పాను తప్ప రమ్మనలేదు. నన్ను చూసి ఒక్కరూ ఏడవలేదు, ఆ రోజు టిష్యూ డబ్బా కూడా తెచ్చుకోలేదు.

సూపర్‌వైజర్ పెద్దావిడ. కళ్లజోడు ముక్కు చివర, నా భరిణ టేబుల్ మీద కవర్లో, నంబరు చీటీతో. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ రాసుకుంది, ముఖంలో ఏమీ లేదు. అప్పుడు బెవర్లీ తలుపు కొట్టి అడక్కుండానే లోపలికొచ్చి సంచి బోర్లించింది. వెనకే మిగిలినవాళ్లు. టేబుల్ నిండా జాకెట్ ముక్కలు! ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ. ఎవ్వరూ కుట్టించుకోలేదు, ఏంచేయాలో తెలియక టిష్యూ కాయితంలో చుట్టి దాచుకున్నారట. “ఈవిడ మాకందరికీ ఇచ్చింది, ఈవిడకి పిల్లనిచ్చే అధికారం మాలో ఎవరికీ లేదు” అంది బెవర్లీ.

సూపర్‌వైజర్ “గుడ్డముక్క వేరు, వెండి వేరు” అంది. అదీ నిజమే.

డెబ్బీ లేచింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన భరిణ తీసి కవర్లో ఉన్నదాని పక్కన పెట్టింది. జత. మూతమీద నెమలితో సహా ఒకటే. “ఇది నాకిచ్చిన రోజు నా బిడ్డ నాకు రాడని తెలిసింది. ఆ రోజు ఎవరికైనా ఏమైనా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు ఇచ్చింది” అని కూర్చుంది. నేను ఏడ్చాను. అవును, నేనే, పొంగి పొర్లి. బెవర్లీ తన కర్చీఫ్ ఇచ్చింది. నీ జోస్యం ఫలించింది, పండగ చేసుకో.

ఆ తర్వాత ఆవిడ నీ కాయితం తీసి చదివింది. బత్తాయిల దగ్గర పెదవి కదిలింది, ఏడో ప్రశ్న దగ్గర పైకే నవ్వింది. మార్సియా వైపు తిప్పి చూపించింది.

తీర్పు: హోమ్ స్టడీ పాసు. 22న సంతకమవుతుంది, కనకదుర్గ ఫైల్ మా పేరనే ఉంటుంది. శిక్ష ఏమిటంటే ‘నైతిక ప్రవర్తన’ మీద నేను మూడు గంటల ఆన్‌లైన్ క్లాసు చేయాలి. చేశాను, నూటికి నూరు. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను.

నీ కాయితం లేకపోతే అయ్యేది కాదే. ఆలస్యంగా వచ్చినా సమయానికి వచ్చింది.

నళిని

&nbsp;

బాతెల్
10 అక్టోబర్ 2010

నైతిక ప్రవర్తనలో నూటికి నూరు వచ్చిన నళిని గారికి,

నువ్వు పంపిన ఫోటో, టేబుల్ మీద జాకెట్ ముక్కలది, భూతద్దం పెట్టి చూశాను. బెవర్లీ ముందున్న వంకాయరంగు ముక్క, మామిడి పిందెల అంచుది, 2005లో నీ వరలక్ష్మీ వ్రతానికి నేను పోస్టులో పంపింది కదూ? నాలుగు షాపులు తిరిగి కొన్నాను. అత్తసొమ్ము అల్లుడి దానమంటే ఇదే. ఆ క్లాసు ఇంకోసారి చేయి.

ఒక సంగతి. ఏజెన్సీకి పంపేముందు నీ గురించి రాసిన ఆ పేజీని స్కాన్ చేసి ఉంచుకున్నాను. ఎక్కడికి పంపుకుంటాను? మా ఉమ్మడి ఈమెయిల్‌కే. ఇన్నాళ్లూ నువ్వు వెక్కిరించావే, అది. జగదీష్ చదివాడు. శనివారం క్రికెట్‌కి వెళ్లలేదు. కాఫీ పెట్టి (పంచదార మరిచిపోయి) ఎదురుగా కూర్చున్నాడు.

“తలనొప్పి అన్నాను కదా, ఎప్పుడన్నాను?”

“మార్చిలో.”

“ఆ వారం మ్యాచ్ ఓడిపోయాం జయంతీ.”

పది జన్మలెత్తినా ఇంతకంటే మంచి క్షమాపణ ఇతని నోట రాదు. “నువ్వు మళ్లీ ఆస్పత్రి పాలవుతావని భయం. అది చెప్పడం రాలేదు” అన్నాడు. తర్వాత ఫారాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. మూడు వారాలుగా అవి డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. మొదటి పేజీలో తన పేరు రాశాడు, పెన్సిల్‌తో. నేను దానిమీద పెన్నుతో దిద్దాను.

జయంతి

&nbsp;

బెంటన్‌విల్
13 నవంబర్ 2011

జయంతీ,

ఫోన్‌లో అన్నీ చెప్పేశాను కాబట్టి ఈ ఉత్తరం దండగ. అయినా రాస్తున్నాను, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కనకదుర్గ ఇంటికొచ్చి మూడు నెలలయింది. ఎయిర్‌పోర్ట్‌కి సంఘమంతా వచ్చింది, పేరు రాసిన బట్ట పట్టుకుని. పేరులో రెండక్షరాలు తప్పు. బెవర్లీ బ్యాడ్జి ఈ నెల 2,021కి చేరింది, డెబ్బీ మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. ఇద్దరూ రోజు మార్చి రోజు వచ్చి దీన్ని ఎత్తుకుంటారు. ఎవరిపిల్లో అన్న ఉమామహేశ్వరి గారు మొన్న వెండి గ్లాసు పట్టుకొచ్చారు. తీసుకున్నాను. మూడుసార్లు వద్దన్నాకే.

పిల్ల ఎవరికీ ఏదీ ఇవ్వదు. బిస్కెట్లు దిండు గలేబులో దాస్తుంది. రోజూ దులుపుతాను, రోజూ మళ్లీ నిండుతుంది. బిస్కెట్లు ఎప్పటికీ ఉంటాయని ఎలా నమ్మించాలో తెలియక నేనూ రోజూ కొత్త ప్యాకెట్ తెచ్చి కనబడేచోట పెడుతున్నాను.

మొన్న మంగళవారం మార్సియా వచ్చింది, పిల్ల ఎలా ఉందో చూసి రిపోర్ట్ రాయడానికి. నేను సర్టిఫికెట్ కింద కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచినీళ్లు ఇచ్చాను, అంతే. బొట్టు కూడా పెట్టలేదు. ఆవిడ లేచింది. వట్టి చేతులతో వెళ్లిపోతుంటే నా ప్రాణం ఎంత గిలగిల్లాడిందో నీకే తెలుస్తుంది.

కనకదుర్గ గదిలోకి పరిగెత్తింది. గలేబులోంచి ఒక బిస్కెట్ తీసుకొచ్చింది, ఒక మూల కొరికినది. మార్సియా బూట్లు వేసుకోవడానికి వంగినప్పుడు, ఎవరూ చూడలేదనుకుని ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి జిప్పు లాగింది.

మార్సియా చూసింది. జిప్పు తీసి బిస్కెట్ చూసి, నన్ను చూసి, పిల్లని చూసింది. “దరఖాస్తుదారులు ఇవ్వకూడదనే రూల్ ఉంది, పిల్లల గురించి ఏమీ లేదు” అని అక్కడే నిలబడి తినేసింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, “అచ్చం మీ పోలికే” అంది.

అవినాష్ ఆ మాటని ఫోన్ చేసి మా అత్తగారికి చెప్పాడు, నాలుగుసార్లు.

దీంతో ఫోటో పెడుతున్నాను. ఆ పరికిణీ గుర్తుపట్టావా? వంకాయరంగు, మామిడి పిందెల అంచు. బెవర్లీ కుట్టింది. నువ్విచ్చింది నీ మేనకోడలికే చేరింది, ఇక నోరు మూయి.

ఇంకో కాయితం కూడా ఉంది, మీ ఏజెన్సీవాళ్లు నాకు పంపిన ఫారం. వచ్చిన రోజే పూర్తిచేసి పంపాను, ఇది నకలు. అందరిలా ఒకటో ప్రశ్న నుంచి కాకుండా ఏడు నుంచి మొదలుపెట్టాను.

“మీ సొంత బిడ్డను ఈ దంపతుల దగ్గర నమ్మకంగా వదులుతారా?”

“వదులుతాను. ఆదివారం సాయంత్రానికల్లా తెచ్చి అప్పగించాలి.”

నీ నళిని